పద్దెనిమిది నిండని పిల్లాణ్ణి పోలీసులు తీసుకెళ్తే ముందు ఏం చేయాలి?

బస్తీలో గొడవ అనో, దొంగ బండి మీద తిరిగాడనో పిల్లాణ్ణి స్టేషన్‌కి తీసుకెళ్లారని కబురు వస్తే, చాలా ఇళ్లలో ముందు జరిగేది ఫోన్లు చేయడం. "లోపల తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" ఎవరో పైరవీకారు దొరుకుతాడు, డబ్బులు అడుగుతాడు. ఈలోగా అసలు పని ఆగిపోతుంది. వయసు రుజువు చేసే కాగితం తీసుకుని స్టేషన్‌కి వెళ్లడమే ఆ అసలు పని.

2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం నేరం జరిగిన రోజుకి 18 ఏళ్లు నిండకపోతే అతను బాలుడే. లాకప్‌లో పెట్టకూడదు, బేడీలు వేయకూడదు, వాంగ్మూలం మీద సంతకం పెట్టించకూడదు. విచారించేటప్పుడు అమ్మానాన్న పక్కన ఉండొచ్చు. ప్రయాణ సమయం పోను 24 గంటల్లో జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు తీసుకెళ్లాలి. రూల్స్‌లో ఇవన్నీ ఉన్నాయి, కానీ స్టేషన్‌లో గుర్తు చేయాల్సింది మీరే.

చిక్కంతా వయసు దగ్గరే. డెలివరీ పని కోసమో, షాపులో పెట్టుకోవడం కోసమో ఆధార్‌లో వయసు పెంచి రాయించిన పిల్లలు మనలో ఉన్నారు. భయపడకండి. చట్టం చెప్పిన జాబితాలో ఆధార్ లేదు. స్కూలు ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదా పదో తరగతి మెమో ముందు చూస్తారు. అవి లేకపోతే మున్సిపాలిటీ, పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష, అది ఒకటి రెండేళ్లు అటూ ఇటూ చెప్పొచ్చు. మదర్సాలోనే చదివి బడికి వెళ్లని పిల్లాడికి మున్సిపాలిటీ కాగితమే ఆధారం. అది ఇంకా తీయించకపోతే ఈ వారమే తీయించండి.

నేరం బెయిలబుల్ అయినా కాకపోయినా, పిల్లాడికి జమానత్ ఇవ్వడమే మామూలు పద్ధతి. బయటికి వస్తే చెడ్డవాళ్ల చేతిలో పడతాడనో, అతనికే ప్రమాదమనో, న్యాయం దెబ్బతింటుందనో బోర్డు భావిస్తే మాత్రం అబ్జర్వేషన్ హోంలో ఉంచుతుంది. ప్రొబేషన్ అధికారి మీ ఇంటి పరిస్థితి, చదువు, దోస్తులు అన్నీ కనుక్కుని బోర్డుకి నివేదిక ఇస్తారు. సిగ్గుపడి చాలామంది అన్నీ దాచేస్తారు. చదువు మానేస్తే మానేశాడనే చెప్పండి. పిల్లాడికి కౌన్సెలింగా, పని శిక్షణా అనేది ఆ నివేదిక చూసే ఆలోచిస్తారు.

వకీలుకి డబ్బు లేదని ఆగకండి. ఆదాయంతో పని లేకుండా పిల్లలకు ఉచితంగా వకీలుని ఇస్తారు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098. పదహారు దాటినవాడి మీద కనీస శిక్ష ఏడేళ్లు ఉన్న కేసు పడితే పెద్దవాళ్లలా విచారించే అవకాశం ఉంది, అప్పుడు మొదటి రోజే వకీలు ఉండాలి.

18 దాటి 21 నిండనివాళ్లకు 1958 నాటి ప్రొబేషన్ చట్టం ఉంది. యావజ్జీవ శిక్ష పడే నేరం కాకపోతే, కారణాలు రాయకుండా కోర్టు జైలు శిక్ష వేయకూడదు. దాని గురించి వకీలుని అడగండి.

ఇంకొకటి. పిల్లాడి పేరు, ఫొటో బయటపెట్టడం నేరం, ఆరు నెలల జైలు దాకా ఉంది. ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో దుఆ చేయమని పెట్టేటప్పుడు కూడా ఫొటో పెట్టొద్దు.