పాందాన్ సరే... పాండా ఎలా?

బంగారంలో నెమలిని చేయొచ్చు, వెండిలో చేపను చేయొచ్చు, ఏనుగైతే చెప్పనే అక్కర్లేదు. పాండా దగ్గరికొచ్చేసరికే చిక్కంతా. నెమలికి ఆకారం చాలు, పాండాకి రంగు కావాలి. కళ్ల చుట్టూ ఆ నలుపు తీసేసి చూడండి, మిగిలేది మామూలు ఎలుగుబంటే! మరి పచ్చటి లోహంలోనో తెల్లటి లోహంలోనో ఆ నలుపు ఎక్కణ్నుంచి తేవాలి?

ఆన్‌లైన్‌లో పాండా కమ్మలు, ఉంగరాలు, లాకెట్లు కొల్లలు. రోజంతా కోడ్ రాసి కళ్లు మండుతుంటే రాత్రిళ్లు అవి చూస్తూ కూర్చోవడం కొన్నాళ్లుగా నాకు అలవాటైంది. కొనడానికి కాదు, ఆ నలుపు ఎలా వచ్చిందో కనిపెట్టడానికి. ఎక్కువగా కనిపించేవి మూడు దారులు. ఒకటి నల్ల సులేమానీ రాయి, అదే ఓనిక్స్. మార్కెట్లో దొరికేదాంట్లో చాలావరకు రంగు ఎక్కించిన రాయే. అదేం మోసం కాదు, ఎప్పట్నుంచో ఉన్న పద్ధతే. రెండోది మీనా పని. గాజుపొడిని లోహం మీద కరిగించి పూస్తారు. అందంగా ఉంటుంది, కిందపడితే పెచ్చు లేస్తుంది. మూడోది నల్ల రోడియం పూత. చెవులకైతే ఫర్వాలేదు. ఉంగరానికి వేస్తే రోజూ గిన్నెలకీ గోడలకీ తగిలి అరిగిపోయి, కొన్నాళ్లకు మన పాండా కాస్తా తెల్ల ఎలుగు అయి కూర్చుంటుంది!

నలుపే వాడకుండా పాండాను చూపించినవాళ్లూ ఉన్నారు. చైనా 1982 నుంచి బంగారు పాండా నాణేలు వేస్తోంది. వెండివి ఆ మరుసటి ఏడు మొదలయ్యాయి. ఒక పక్క బీజింగ్‌లోని స్వర్గాలయం, రెండో పక్క పాండా. ఆ మొత్తం ఒకే లోహం కదా, నలుపు ఎలా తెచ్చారంటే... నునుపులో తేడా పెట్టి. తెల్ల బొచ్చు ఉన్నచోట మంచు పట్టినట్టు గరుకుగా వదిలేసి, నల్లటి చోట్ల అద్దంలా మెరుగు పెడతారు. వెలుగు పడగానే మెరుగు ఉన్న భాగం ముదురుగా, గరుకు భాగం తెల్లగా కనిపిస్తుంది. నన్నడిగితే పాండా నగలన్నిట్లోకీ తెలివైన పని ఇదే. బొమ్మ ఏటా మారుతుంది. 2001లో వేసిన బొమ్మనే 2002లోనూ ఉంచితే సేకరించేవాళ్లు ఊరుకోలేదు, మళ్లీ మార్చడం మొదలుపెట్టారు. 2016 నుంచి ఔన్సులు పోయి గ్రాములొచ్చాయి. ఔన్సు నాణెం కాస్తా 30 గ్రాములైంది, అంటే ఇప్పటి మన లెక్కలో మూడు తులాలు. గ్రాము నాణెం కూడా ఉంది. చిన్నవాటికి చుట్టూ బంగారు కట్టు కట్టించి లాకెట్లుగా మెళ్లో వేసుకోవడం ఎప్పట్నుంచో ఉన్న మోజే. అచ్చం మన కాసులపేరు లాంటి ఆలోచన. కాకపోతే వీటికి నకిలీలు చాలా ఎక్కువ. తక్కువ ధరకు ఆన్‌లైన్‌లో కనిపిస్తే చేతులు కట్టుకుని కూర్చోండి.

ఇంకో వింత. పాండా నేడు చైనాకి గుర్తు అంటాం గానీ, పాతకాలపు చైనా చిత్రాల్లో, పింగాణీల మీద డ్రాగన్లు, కొంగలు, పులులు ఉంటాయి, పాండా దాదాపు కనిపించదు. సిచువాన్ కొండల్లో వెదురు పొదల్లో దాక్కునే జంతువు అది. బయటి ప్రపంచానికి తెలిసింది 1869లో, ఫ్రెంచ్ మతగురువు అర్మాన్ డేవిడ్ ద్వారా. 1961లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ సంస్థ తన గుర్తుగా పెట్టుకున్నాక ప్రపంచమంతా పాకింది. రెండే రంగులు కాబట్టి ముద్రణ ఖర్చు తగ్గుతుందన్నది కూడా ఆ ఎంపికకు ఒక కారణమట! అంటే చేతిపనుల్లో పాండాకి తాతలనాటి నమూనా అంటూ లేదు. చేసేవాడు తనకు తనే కనిపెట్టుకోవాలి.

ఆ కనిపెట్టడం బాగా జరిగింది సిచువాన్ రాజధాని చెంగ్డూలోనే. అక్కడి 'షు' ఎంబ్రాయిడరీలో పట్టుదారాన్ని చీల్చి చీల్చి వెంట్రుకంత సన్నం చేసి, బొచ్చు ఎటు వాలుతుందో అటే కుట్టు వేస్తారు. కొన్నింటికి రెండు వైపులా ఒకే బొమ్మ ఉంటుంది, ముడి ఎక్కడుందో వెతికినా దొరకదు. చింగ్‌షెన్ అనే ఊళ్లో వెదురును పలుచటి పేళ్లుగా చీల్చి బట్టలా నేస్తారు. పాండా తినేదీ వెదురే, దాని బొమ్మా వెదురే. అన్నట్టు పాండాకి తిన్న వెదురులో ఐదో వంతు కూడా అరగదు. మిగిలిన పీచుతో కాగితం కూడా చేసి అమ్మారు. నగ కాదు కాబట్టి అక్కడితో ఆపేద్దాం.

ఫ్రెంచ్ కళాకారుడు పాలో గ్రాంజియన్ 2008లో కాగితపు గుజ్జుతో 1600 పాండాలు చేసి పారిస్‌లో నిలబెట్టాడు. అప్పటికి అడవుల్లో మిగిలినవి సుమారు అన్నే. తర్వాత అవి హాంకాంగ్, తైపే, సియోల్ తిరిగాయి. 2015లో చైనా ప్రకటించిన లెక్క 1864. చెవికి పాండా కమ్మ పెట్టుకుంటే అడవిలో పాండా బతికిపోతుందని కొన్ని దుకాణాలు రాసుకుంటాయి గానీ, డబ్బులో ఎంత, ఏ సంస్థకు వెళ్తుందో రాయనివాటిని నేను నమ్మను.

చెంగ్డూలోనే వెండి తీగ పని కూడా ఉంది. కింద అచ్చు లేకుండా ఉత్త తీగతోనే ఆకారం కట్టే పని. ఆ ఫొటోలు చూడగానే నాకు మా మేనమామ గుర్తొచ్చాడు. కరీంనగర్‌లో నలభై ఏళ్లుగా ఆయన చేసేదీ ఇదే, ఫిలిగ్రీ. 2007లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చిన పని. ఫోన్ చేసి, "మామా, పాండా చేస్తవా?" అనడిగా.

"పాందాన్లు చేసిన, అత్తరుదాన్లు చేసిన. గీ పాండా ఏంది అల్లుడా?"

వాట్సాప్‌లో ఫొటోలు పంపా. అరగంటకి ఫోన్. "ఇది తీగకు ఒప్పదు. తీగ పనంటేనే సందులు. సందులకెల్లి వెలుగు రావాలె. ఇదేమో నిండా నలుపే ఉన్నది." తర్వాత చెంగ్డూ ఫొటో పెద్దది చేసి చూసినట్టున్నాడు, గొంతు మారింది. "వీళ్లు గూడ మన లెక్కనే కమ్మచ్చుల గుంజుతున్నరు గదా!"

కమ్మచ్చు అంటే వరసగా సన్నబడే రంధ్రాలున్న ఉక్కు పలక. వెండి కడ్డీని ఒక్కో రంధ్రంలోంచి లాగుతూ పోతే దారమవుతుంది. రెండు దారాలు పురి పెట్టి, నొక్కి, చుట్టలు చుట్టి, చట్రంలో పేర్చి, వెలిగారం వేసి అతుకుతారు. మంట ఒక్క క్షణం ఎక్కువైతే మూడు రోజుల పని ముద్దయిపోతుంది.

మర్నాడు పొద్దున్నే ఆయనే చేశాడు. తెల్లచోట చుట్టలు వదులుగా, నల్లచోట సందు లేకుండా పేర్చి, అక్కడ మాత్రం గంధకంతో నల్లబరుస్తాడట. మూడు రోజుల్లో చేశాడు కూడా. 11 గ్రాములు తూగింది. చెవులు కాస్త పెద్దవయ్యాయి, చూపు మాత్రం అచ్చం పాండాదే.

అసలు లెక్క అప్పుడు చెప్పాడు. ఆయన దగ్గర పని చేయించుకునే వ్యాపారి కూలి కట్టేది తూకం మీద. "తీగ ఎంత సన్నగ తీస్తే అంత పని ఎక్కువ, తూకం అంత తక్కువ. గందుకే పోరగాళ్లు దీంట్లకు వస్తలేరు." ఆయన ఇద్దరు కొడుకులూ హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. పొడుగ్గా వాదించడానికి నాకూ నోరు లేదు, నేనూ అదే దారిలో వచ్చినవాణ్నే.

ఆ పాండాకి తూకం కూలి కాకుండా మూడు రోజుల కూలి లెక్కగట్టి, దానిమీద వెండి ధర వేసి పంపించా. ఆయన ముందు వద్దన్నాడు, తర్వాత తీసుకున్నాడు. మొన్న ఆదివారం మళ్లీ ఫోన్: "అల్లుడా, అటు తిరిగి కూసున్న పాండా ఫొటో ఉంటే పంపు. ఈపు తెల్లగుంటది గదా, సందులు మంచిగ పడతయి."