పరభాషలో ఏడు దినములు

వారమునకు దినములు ఏడే అయినను, వృత్తిని బట్టి ఆ ఏడింటి రూపు మారుచుండును. నవీపేట వారికి శనివారమనగా మేకల సంత. ఆర్మూరు ప్రాంతపు రైతు పసుపు తవ్వు కాలములో ఉడకబెట్టుటకు ఇన్నాళ్లు, ఎండబెట్టుటకు ఇన్నాళ్లు అని వారమును కొలుచును. ఉపాధ్యాయునికి సోమవారము మొదటి గంట ఎట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు. పాఠకులలో పెక్కుమంది ఊహించి యుండని వారము మరియొకటి కలదు. పదునెనిమిదేండ్ల పిల్లవాడు ఇల్లు విడిచి, తాను ఎంచుకొనని దేశమునకు పోయి, ఉగ్గుపాలతో రాని భాషలో, ముఖపరిచయము లేని వారికి తన మతమును బోధించు వారమది.

1830లో అమెరికాలో జోసెఫ్ స్మిత్ స్థాపించిన క్రైస్తవ శాఖ వారిని లోకము మార్మనులని పిలుచును. తెలుగులో వారు తమ సమాజమును ‘యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము’ అని వ్రాసికొందురు. యూటా రాష్ట్రములోని సాల్ట్ లేక్ నగరము వారికి ప్రధాన స్థానము. బైబిలుతో పాటు ‘మార్మన్ గ్రంథము’ అను మరియొక పుస్తకమును కూడ వారు పవిత్రముగ నెంచుటచే, ఇతర క్రైస్తవులలో అనేకులు వారిని తమలో లెక్కింపరు. ఆ తగవు మనకు అక్కరలేదు. ఆ సంఘమున పుట్టిన మగపిల్లలు రెండేండ్లు, ఆడపిల్లలు ఏడాదిన్నర బోధకులుగ పోవు ఆచారము కలదు. ఏ దేశమో పెద్దలు నిర్ణయింతురు. జీతము లేదు సరికదా, ఆ కాలపు ఖర్చులో పెద్ద పాలు పిల్లవానిదో, వాని కుటుంబముదో.

వాని దినచర్య మన పాత గురుకులములను తలపించును. సాధారణముగ ఉదయము ఆరున్నరకు లేవవలెను, రాత్రి పదిన్నరకు పండుకొనవలెను. కొంతసేపు ఒంటరిగ చదువు, కొంతసేపు తోడివానితో చదువు, ఆపైన భాషాభ్యాసము. పిమ్మట తెల్లచొక్కా తొడిగి, పేరు చెక్కిన నల్లని బిళ్ల గుండెపై తగిలించుకొని బయలుదేరును. ఒంటరిగ ఎక్కడికిని పోరాదు. తోడివాడు ఎల్లప్పుడును ప్రక్కన ఉండవలెను. ఆ తోడివానిని కూడ తాను ఎన్నుకొనలేదు. ఆదివారము ఆరాధన. వారములో ఒక దినము, సాధారణముగ సోమవారము, బట్టలుతుకుకొనుటకు, సరుకులు కొనుటకు, ఇంటికి వ్రాయుటకు. 2019 ఫిబ్రవరిలో నియమము సడలు వరకు తల్లి కంఠము వినుట సంవత్సరమునకు రెండుమారులు మాత్రమే. ఇప్పుడు వారమున కొకమారు మాటాడవచ్చును.

తెలుగింటికి వచ్చిన ఇట్టి యువకునికి మొదటి పరీక్ష వేదాంతములో రాదు, తేనీటి గిన్నెలో వచ్చును. 1833 నాటి ఒక నియమమును బట్టి వారు మద్యము, పొగాకులతో పాటు టీ, కాఫీలను కూడ ముట్టరు. మన ఇండ్లలో అతిథికి కూర్చుండ పీట, త్రాగ టీ ఈయకుండుట అమర్యాద. ఇచ్చినదానిని తిరస్కరించుట అంతకంటె అమర్యాద. ‘కొంచెమైన పుచ్చుకో బిడ్డా’ అని ఇల్లాలు బతిమాలును. వాడు చేతులు జోడించి వద్దనును. ఏ కులభేదము చేతనో తన ఇంటి నీరు త్రాగుట లేదేమో యని ఆమె మనసు చివుక్కుమనవచ్చును. మన దేశములో అట్టి అనుమానమునకు శతాబ్దముల చరిత్ర కలదు. మతము మంచి చెడ్డలు చెప్పుటకు పూర్వమే వాడు ఈ ముడి విప్పవలెను. మంచినీళ్లు అడిగి త్రాగినవాడు గట్టెక్కును.

రెండవ పరీక్ష మన వ్యాకరణము పెట్టును. ఇంగ్లీషులో ఉత్తమపురుష బహువచనము ఒక్కటే. తెలుగున ‘మనము’ వేరు, ‘మేము’ వేరు. ఎదుటివానిని కలుపుకొనునది మొదటిది, వెలిగ ఉంచునది రెండవది. ‘మేము పాపులము’ అని పరదేశి బోధకుడు నిండు సభలో ఒప్పుకొన్నచో, వినువారు జాలితో తల ఊపుదురే గాని అది తమకు తగిలిన మాటగ తీసికొనరు. ‘మనము’ అనినగాని బోధ ప్రారంభము కాదు. ప్రార్థనలో మరల తలక్రిందులు. దేవునితో ‘మన తండ్రీ’ అనినచో దేవునికి కూడ ఒక తండ్రిని కల్పించినట్లగును. అందుచేతనే తెలుగు క్రైస్తవులు ‘మా తండ్రీ’ అందురు. బందరులో పనిచేసిన ఆర్డెన్ అను మిషనరీ 1873లో ప్రకటించిన తెలుగు వ్యాకరణము చిరకాలము పరదేశీయులకు పాఠ్యగ్రంథమైనది. ఇట్టి చిక్కులను ఒకటొకటిగ విప్పి చూపుటయే అట్టి పుస్తకముల పని. మనకు పుట్టుకతో వచ్చినందున వాని సొగసు మనము గమనింపము.

మార్మను యువకులు మాటిమాటికి పలుకు వాక్యము ‘ఇది సత్యమని నాకు తెలుసు’ అనునది. వారి భాషలో తెలిసికొనువాడు కర్త. తెలుగులో తెలివి తానే వచ్చి ‘నాకు’ చేరును. ఆకలి, నిద్ర, జ్వరము వచ్చినట్లే. ఈ భేదము పట్టుబడిన నాడు వాడు తన విశ్వాసమును గూర్చి కూడ కొత్తగ ఆలోచించునేమో!

ఈ సంఘపు బోధకులు 1850 తరువాతి కొద్ది ఏండ్లలోనే కలకత్తా, మద్రాసు నగరములకు వచ్చి, ఆట్టే ఫలితము లేక మరలిపోయిరి. తెలుగువారి నడుమ వారి కథ నూట యిరువదేండ్లకు పైగ గడచిన పిదప మొదలైనది. అదియు పరదేశి యువకులతో కాదు. సమోవా దీవులలో నివసించుచు ఆ మతము స్వీకరించిన ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ ధర్మరాజు అను హైదరాబాదు దంపతులు 1978 డిసెంబరులో స్వల్పకాల బోధకులుగ స్వస్థలమునకు వచ్చిరి. అప్పుడు బాప్తిస్మము పొందిన 22 మందిలో అత్యధికులు వారి బంధువులే. మార్మన్ గ్రంథమును తెలిగించినవారు ఎల్సీ తండ్రిగారు. ఆయన స్వయముగ మరియొక క్రైస్తవ శాఖకు చెందిన బోధకులు. 2012లో హైదరాబాదు కేంద్రముగ, భారతదేశమున మొదటిదిగ, ఒక పెద్ద విభాగము ఏర్పడెను. పరదేశి మాట కంటె మేనత్త మాట చొరవ గలదని దీనివలన తెలియుచున్నది.

పరదేశి యువకుల వారము ఎంత బరువైనదో తెలియగోరువారు బందరునకు పోవలెను. 1841లో ఇంగ్లండు నుండి రాబర్టు నోబిల్, హెన్రీ ఫాక్సు అను ఇరువురు ఒకే ఓడలో వచ్చిరి. ఫాక్సునకు ఇరువదినాలుగేండ్లు నిండలేదు. రగ్బీ పాఠశాలలో సుప్రసిద్ధుడైన ఆర్నాల్డు శిష్యుడు, ఆక్స్ఫర్డు పట్టభద్రుడు. ఇరువురును పని పంచుకొనిరి. నోబిల్ బడి పెట్టి పట్టణమున నిలువవలెను. ఫాక్సు తెలుగు నేర్చి పల్లెలు తిరుగవలెను. తిరుగుటలో గల కష్టము ఈనాటి వారికి తెలియదు. ఎండ, చలిజ్వరము, అడ్డదారులు. వినువారిలో వేడుక చూడ వచ్చినవారే ఎక్కువ. 1845లో భార్య మరణించెను. పిల్లలను ఇంగ్లండులో విడిచి మరల వచ్చెను. దేహము సహింపక 1848లో తిరిగిపోయి, ఆ అక్టోబరులోనే ముప్పదియొకటవ యేట కన్నుమూసెను. అతడు చదివిన రగ్బీ పాఠశాల వారు అతని పేర నిధి కూర్చి, బందరు బడిలో ఒక ఉపాధ్యాయుని పోషించిరి.

నోబిల్ మాత్రము ఇరువదినాలుగేండ్లలో ఒక్కమారైనను స్వదేశమునకు పోలేదు. పెండ్లియాడలేదు. 1843 నవంబరులో ఇరువురు పిల్లలతో బడి తెరచెను. బైబిలు పాఠము తప్పనిసరి. ఆ తరువాతనే తక్కిన చదువులు. తండ్రులు పిల్లలను పంపినది ఇంగ్లీషు కొరకు, ఉద్యోగము కొరకు. నోబిల్ బడి నడిపినది బైబిలు కొరకు. ఒకరి కోరిక ఒకరికి తెలియును; తెలిసియు ఇరుపక్షములు తొమ్మిదేండ్లు నెట్టుకొనిపోయిరి. 1852లో ఒక బ్రాహ్మణ యువకుడు, ఒక వెలమ యువకుడు బాప్తిస్మము తీసికొనగనే ఆ పొత్తు పగిలెను. పట్టణము అట్టుడికినది. బడి దాదాపుగ ఖాళీ యైనది.

ఈ ఘట్టమును మిషనరీ చరిత్రకారులు విజయముగ వ్రాసిరి. మనవారిలో కొందరు మోసమని వ్రాసిరి. రెండును తొందరపాటు మాటలే. నోబిల్ దాచినది ఏమియు లేదు. ఏమి బోధించుచున్నాడో ఊరందరికి తెలియును. ఆ యువకులును పసివారు కారు. పన్నెండేండ్ల పిదప ఇరువురును గురుపట్టము పొందిరి. అయినను కొడుకు బ్రతికియుండగనే వానిని పోగొట్టుకొంటినని ఏడ్చిన తల్లి దుఃఖమునకు ఏ పక్షము వారును లెక్క వ్రాయలేదు. ఇంకొక మాట కూడ చెప్పవలెను. అగ్రవర్ణముల పిల్లలు రారను భయముచే ఆ బడి ఆదిలో మాల మాదిగల పిల్లలకు తలుపు తెరువలేదు. దేవుని ఎదుట అందరును సమానులని బోధించు బడికి ఇది తీరని కొరత.

నెలలు గడచినకొలది పిల్లలు మరల వచ్చిరి. 1864 నవంబరు 1వ తేది రాత్రి ఉప్పెనలో బందరున సుమారు 30,000 మంది మరణించిరి. ఆ విలయము చూచిన మరుసటి సంవత్సరము నోబిల్ అక్కడనే మరణించెను. అతని పేర వెలసిన కళాశాలలో బ్రహ్మసమాజికులైన రఘుపతి వెంకటరత్నము నాయుడుగారు పాఠములు చెప్పిరి. విశ్వనాథ సత్యనారాయణగారు విద్యార్థిగ చదివిరి. బైబిలు కొరకు తెరచిన బడి మెట్లెక్కినవారు తరువాత ‘రామాయణ కల్పవృక్షము’ వ్రాసిరి. గురువు విత్తినదే శిష్యునిలో మొలుచునని ఎవరును హామీ ఈయజాలరు. ఉపాధ్యాయులకు ఇది కొత్త సంగతి కాదు.

ఇక మన ఇందూరు సీమకు వత్తము. నవీపేటలో రైలెక్కి నిజామాబాదు మీదుగ సికింద్రాబాదు వైపు పోవువారికి డిచ్‌పల్లి తగులును. స్కాట్లండులో 1875లో పుట్టి, 1903లో అబర్డీనులో వైద్యపట్టము పొందిన ఇసబెల్ కెర్, భర్త జార్జి కెర్‌తో కలిసి 1907లో నిజాము రాజ్యమునకు వచ్చెను. భర్త మెథడిస్టు బోధకుడు. ఆమె బోధింప వచ్చినదానికంటె ఆమెకు ఈ నేల బోధించినది ఎక్కువ. నిజామాబాదులో ఆమె వద్దకు కుష్ఠరోగులు రాసాగిరి. ఆనాడు వారికి ఈయదగిన మందు లేదు. ఊరి వెలుపల తోలివేయుటయే లోకము ఎరిగిన చికిత్స. వైద్యురాలై యుండి ‘నావలన కాదు’ అని పంపివేయుట ఆమెకు సాధ్యము కాలేదు. 1911లో వారి కొరకు ఒక చిన్న ఆశ్రయము ఏర్పరచెను. త్వరలోనే అది చాలలేదు.

అప్పుడు ముందుకు వచ్చినవారు నిజామాబాదు ధనికులు, హిందువులు అయిన రాజా నర్సాగౌడ్. ఆయన ఇచ్చిన పెద్ద విరాళముతో డిచ్‌పల్లిలో 1915లో ఆసుపత్రి వెలసెను. మతము మార్చుకొనుమని ఆయనను ఎవరును అడిగినట్లు లేదు, ఆయన మారనూ లేదు. మిషనరీ సేవ యావత్తును మతమార్పిడికి ఎర యనువారు, హిందూ దాతలు పరమతమును దగ్గరకు రానీయరనువారు, ఇరువురును డిచ్‌పల్లి పునాదిరాళ్ల వద్ద ఒక్కక్షణము ఆగవలెను.

1920 ప్రాంతమున చాల్ముగ్రా జాతి గింజల నూనెను సూదిమందుగ ఇచ్చు పద్ధతి వ్యాపించెను. కలకత్తాలో మ్యూర్ అను వైద్యుడు దానిని మెరుగుపరచెను. ఇసబెల్ దానిని డిచ్‌పల్లికి తెచ్చెను. అప్పటినుండి అక్కడి వారమునకు కొత్త కొలత ఏర్పడినది. వారము వారము సూది. సూది పొడిచిన చోట వాపు, నొప్పి. మరల వారమునకు మరల సూది. ఇట్లు నెలలు, ఏండ్లు. ఆదివారపు ప్రసంగము కంటె ఆ సూది దినమునకు తప్పక వచ్చుటయే రోగికి కఠినమైన వ్రతము. కెర్ దంపతులకు 1923లో ‘కైసర్-ఇ-హింద్’ పతకము లభించెను. ఇసబెల్ 1932లో మరణించెను.

డిచ్‌పల్లిలో ఆ సూదులు వేసిన వైద్యులలో జాన్ లో అనునాయన ఒకరు. ఏండ్ల తరబడి ఆ నూనె బలమును, బలహీనతను రోగుల దేహముల మీదనే చదివినవారు. పిమ్మట కలకత్తాకు, అటుపైన ఆఫ్రికాలోని నైజీరియాకు పోయిరి. అక్కడ ఉజుఆకోలి అను చోట 1940ల చివర డాప్సోను అను మందును సూదితో కాక చిన్న మాత్రగ మ్రింగించి, అది పనిచేయుచున్నదని ప్రకటించిరి. వారము వారము సూదికి వరుసలో నిలువవలసిన అవసరము దానితో తీరసాగెను.