సగటు వెనుక దాగిన ఇండ్లు

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యార్థులకు సామాజిక సేవా ప్రాజెక్టు తప్పనిసరి. కనీసం 180 గంటలపాటు వారు ఒక గ్రామంలోనో, వార్డులోనో తిరిగి, ఇంటింటి వివరాలు సేకరించి నివేదిక సమర్పించాలి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల విద్యార్థులు కూడా జట్లుగా ఈ పనికి బయలుదేరుతారు. వారిలో మన పిల్లలూ ఉంటారు. కనుక తల్లిదండ్రులు దీనిని కేవలం మార్కుల వ్యవహారంగా చూడరాదని మా అభిప్రాయం.

సేకరించిన అంకెలను క్లుప్తంగా, అర్థమయ్యేలా చెప్పే విద్యను వర్ణనాత్మక సంఖ్యాశాస్త్రం అంటారు. సగటు, మధ్యగతం, వ్యాప్తి దాని తొలి పనిముట్లు. ఒక వీధిలో ఐదు కుటుంబాల నెలసరి ఆదాయం 8, 9, 10, 11, 62 వేల రూపాయలు అనుకుందాం. సగటు 20 వేలు. కాని ఆ వీధిలో 20 వేలు సంపాదించే ఇల్లు ఒక్కటీ లేదు. నాలుగు ఇండ్లు అందులో సుమారు సగంతోనే కాలం గడుపుతున్నాయి. వరుసలో నడుమ నిలిచే మధ్యగతం 10 వేలు. వీధి స్థితిని చెప్పేది అదే. కనిష్ఠ, గరిష్ఠాల మధ్య తేడా, అంటే వ్యాప్తి, 54 వేలు. సగటు మాత్రమే రాసిన విద్యార్థి లెక్క తప్పలేదు. కాని సాక్ష్యం సగమే పలికాడు.

జిల్లా అంకెలలోనూ ఇదే జరుగుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం అప్పటి శ్రీకాకుళం జిల్లాలో అక్షరాస్యత సుమారు 62 శాతం. విడదీసి చూస్తే పురుషులలో 72, స్త్రీలలో 52. విజయనగరంలో మొత్తం 59. పురుషులలో 68, స్త్రీలలో 50కి స్వల్పంగా తక్కువ. అంటే ఇద్దరు స్త్రీలలో దాదాపు ఒకరికి అక్షరం అందలేదు. మొత్తం అంకె ఈ మాట చెప్పదు.

ఉద్దానం సంగతీ అంతే. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వంటి మండలాలను పీడిస్తున్న మూత్రపిండాల వ్యాధి తీవ్రత జిల్లా సగటులో కలిసిపోతుంది. ఊరూరా లెక్కించినప్పుడే బయటపడుతుంది. ఆ వ్యాధికి మూలకారణం ఇదమిత్థమని ఇంకా తేలలేదు. అటువంటి చోట నమ్మకమైన ప్రతి లెక్కా విలువైనదే.

ఈ రెండు జిల్లాలలో ముస్లింలు నూటికి ఒక్కరికన్నా తక్కువ. ఏ సగటులోనూ మన ఇండ్లు కనిపించవు. పదవ తరగతి తరువాత చదువు మానిన ఆడపిల్లలు ఎందరు, ఎందుకు మానారు, ఆదరువు లేని వితంతువులు ఎందరు అన్నది మస్జిద్ కమిటీ, విద్యార్థులు కలిసి లెక్కించుకోవలసిందే. అప్పుడే జకాత్ చేరవలసిన చోటికి చేరుతుంది.

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఇస్లాం స్వీకరించిన వారి పేర్లు రాసి ఇవ్వమని ఆదేశించగా, 1500 మంది పురుషుల పేర్లు నమోదు చేశామని హజ్రత్ హుజైఫా (ర) తెలిపిన హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. ఆ లెక్క పేర్లతో మొదలైంది. మన పిల్లలు రాసే ప్రతి అంకె వెనుకా ఒక పేరు, ఒక ఇల్లు ఉన్నాయి.

కాబట్టి గడప తొక్కకుండానే ఫారాలు నింపడం అబద్ధ సాక్ష్యమని పిల్లలకు చెప్పాలి. సాక్ష్యం తమకే వ్యతిరేకమైనా న్యాయంపై నిలవమని అన్‌నిసా సూరా 135వ ఆయతు ఆదేశిస్తోంది. మన మొహల్లా లోపాలు బయటపడతాయని అంకెలు మార్చడం కూడా తగదు. అయితే ఒక ఇల్లాలు నమ్మి చెప్పిన కష్టం అమానత్. నివేదికలో అంకె ఉండాలి; ఆమె పేరు వీధిలో వినబడరాదు.

ఈ వేసవిలో మీ అబ్బాయి, మీ అమ్మాయి ప్రాజెక్టు ముగించి వచ్చినప్పుడు సగటు ఎంత అని మాత్రమే అడగకండి. ఆ సగటుకు అందని ఇండ్లు ఏవో, వాటికి మనం చేయగలిగినదేమో కూర్చుని ఆలోచించండి. సత్యం పలికే నాలుకను, ఇచ్చే చేతిని అల్లాహ్ మన సంతానానికి ప్రసాదించుగాక! ఆమీన్.