బెసలేలు చేతిలోని జ్ఞానం

ఏటా వేసవిలో పరీక్షా ఫలితాలు రాగానే మన సంఘాల్లో కృతజ్ఞతా కూడికలు జరుగుతాయి. మంచి ర్యాంకు వచ్చిన బిడ్డను ముందుకు పిలిచి సాక్ష్యం చెప్పిస్తాం, శాలువా కప్పుతాం, పాస్టరుగారు తలమీద చేయి ఉంచి ప్రార్థిస్తారు. దేవునికి స్తోత్రం, అది మంచిదే. కాని అదే మందిరంలో వెనక వరుసలో పరీక్ష తప్పిన బిడ్డ కూడా తల వంచుకుని కూర్చుని ఉంటుంది. దేవుడు వాళ్లకు జ్ఞానం ఇచ్చాడు, నీకు ఇవ్వలేదు అనేగా ఆ పూట ఆ బిడ్డకు మనం చెప్పకుండా చెప్పింది? ఇంట్లో 'మట్టిబుర్ర' అన్న మాట విని వచ్చిన బిడ్డకు మందిరంలో కూడా అదే వినబడితే ఎక్కడికి వెళ్తుంది? 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన తర్వాత 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. వాళ్ల వయసు పిల్లలు మన యవ్వనస్థుల కూటాల్లోనూ ఉన్నారు.

ఇంతకీ జ్ఞానం అని బైబిలు దేన్ని అంటోంది? నిర్గమకాండం 31వ అధ్యాయం తీసి చూద్దాం. దేవుని ఆత్మతో నింపబడ్డాడని పేరు పెట్టి బైబిలు చెప్పిన మొదటి మనిషి ప్రవక్త కాదు, రాజు కాదు, యాజకుడూ కాదు. యూదా గోత్రికుడైన బెసలేలు అనే పనివాడు. బంగారం, వెండి, ఇత్తడి పనికి, రత్నాలు పొదగడానికి, కర్ర చెక్కడానికి కావలసిన వివేకాన్ని దేవుడే అతనిలో ఉంచాడు. మరికొంచెం ముందుకు వెళ్తే, చేతులతో నూలు వడికిన స్త్రీలను కూడా జ్ఞానహృదయం గలవారనే గ్రంథం పిలిచింది (నిర్గమ 35:25). రాట్నం తిప్పే చేతిని, ఉలి పట్టిన చేతిని జ్ఞానమని దేవుడు పిలిచాడు. మనమేమో మార్కుల జాబితాలో కనబడేదాన్నే జ్ఞానమంటున్నాం.

దానియేలునూ, అతని ముగ్గురు స్నేహితులనూ చూడండి. నలుగురూ ఒకే ఆస్థానంలో మూడేళ్లు కల్దీయుల విద్య నేర్చుకున్నారు. నలుగురికీ దేవుడు చదువులో తెలివినిచ్చాడు. కలల భావం గ్రహించే వరం మాత్రం దానియేలుకు దొరికింది (దానియేలు 1:17). అది దొరకనందుకు షద్రకు, మేషాకు, అబేద్నెగోలను ఎవరూ చేతకానివారని అనలేదు. అగ్నిగుండం ముందు నిలబడినప్పుడు వాళ్లకు కావలసింది వాళ్లకు ఉంది.

లోకంలోని విద్యావేత్తలు ఈ సంగతిని ఆలస్యంగా పట్టించుకున్నారు. అమెరికాలోని హార్వర్డ్‌కు చెందిన హోవర్డ్ గార్డ్‌నర్ 1983లో 'ఫ్రేమ్స్ ఆఫ్ మైండ్' అనే పుస్తకం రాసి, తెలివి ఒక్కటి కాదు, భాష, లెక్క, సంగీతం, శరీర కదలిక, ఇలా ఏడు రకాలున్నాయని చెప్పారు. ఆ లెక్కను ఒప్పుకోని శాస్త్రవేత్తలూ ఉన్నారు. న్యూజిలాండ్‌కు చెందిన నీల్ ఫ్లెమింగ్ చేసిన విభజన ఇంకా ప్రచారం పొందింది: చూసి నేర్చేవారు, విని నేర్చేవారు, చదివి రాసి నేర్చేవారు, చేసి నేర్చేవారు. సండే స్కూలు టీచర్ల శిక్షణ తరగతుల్లో కూడా ఈ మాటలు తరచుగా వినబడుతుంటాయి.

ఇక్కడ మనం కాస్త జాగ్రత్తపడాలి. బిడ్డ ఏ రకమో కనిపెట్టి ఆ ఒక్క పద్ధతిలో చెబితే బాగా వస్తుందన్న నమ్మకానికి తగిన రుజువు దొరకలేదని 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు పరిశోధనలన్నీ పరిశీలించి తేల్చారు. 'మావాడు విని నేర్చుకునే రకమండీ, పుస్తకం పట్టడు' అని తల్లి అంటే అది ముద్దుగానే ఉంటుంది. కాని 'మట్టిబుర్ర' ఎలా ఒక ముద్రో ఇదీ అలాంటి ముద్రే. తలాంతుల ఉపమానంలో యజమాని ఎవరి సామర్థ్యం చొప్పున వారికి ఇచ్చాడు (మత్తయి 25:15). మూడోవాడికి ఒక్కటే వచ్చిందని ఆయన కోప్పడలేదు. దాన్ని భూమిలో పాతిపెట్టినందుకు కోప్పడ్డాడు. బలమైన దాన్ని వాడి పెంచుకోవాలి, బలహీనమైన దానికి సాధన చేయాలి. రెండూ వ్యాపారమే.

దేవుడు తన ప్రజలకు ఎలా నేర్పాడో గమనిస్తే ఒక్క ద్వారంతో ఆయన సరిపెట్టలేదు. పస్కా రాత్రి బిడ్డ ద్వారబంధం మీద రక్తం చూస్తుంది, చేదు కూర నమిలి మొహం చిట్లిస్తుంది, ఇదేమిటని అడుగుతుంది, తండ్రి చెబుతాడు. కన్ను, నాలుక, నోరు, చెవి, అన్నీ ఆ పాఠంలో ఉన్నాయి. యొర్దాను దాటాక 12 రాళ్లు నిలబెట్టించింది కూడా పిల్లలు చూసి అడగాలనే (యెహోషువ 4:6). 119వ కీర్తనలో ఆలెఫ్, బేత్ అని మన బైబిళ్లలో కనబడే శీర్షికలు హెబ్రీ అక్షరాలు. ఒక్కో అక్షరానికి ఎనిమిది వచనాలు, 22 అక్షరాలకు 176. జ్ఞాపకం పెట్టుకునేవారికి అదొక మెట్ల వరుస.

ఎమ్మాయు దారిలో మన ప్రభువు ఇద్దరు శిష్యులకు మోషే మొదలుకొని లేఖనాలన్నీ వివరించాడు. వారి హృదయాలు మండాయి గాని ఆయన్ని గుర్తుపట్టలేదు. రొట్టె విరిచినప్పుడు కన్నులు తెరవబడ్డాయి (లూకా 24). వారు విని నేర్చేవారా, చూసి నేర్చేవారా? ఇద్దరికీ రెండూ కావలసివచ్చాయి.

కంఠత వాక్యం విషయంలో కూడా ఒక మాట. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చారు. కొందరు మళ్లీ మళ్లీ చదివారు, కొందరు ఒకసారి చదివి పుస్తకం మూసి జ్ఞాపకం ఉన్నంత రాశారు. ఐదు నిమిషాల తర్వాత చదివినవారే ముందున్నారు. వారం గడిచాక పుస్తకం మూసినవారు ముందుకొచ్చారు. శనివారం రాత్రి పదిసార్లు వల్లించి ఆదివారం ఉదయం ఒప్పజెప్పి మధ్యాహ్నానికి మరిచిపోవడం మన పిల్లలకు అలవాటే. కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పండుకొనేటప్పుడు, లేచేటప్పుడు వాక్యం మాట్లాడుకోమని ద్వితీయోపదేశకాండం 6:7 చెప్పింది. బుధవారం అన్నం తింటూ 'మొన్నటి వాక్యం ఏమిటమ్మా?' అని పుస్తకం లేకుండా అడిగితే చాలు. బడి పాఠాలకూ ఇదే పనిచేస్తుంది. సప్లిమెంటరీ రాయబోయే బిడ్డ ఇంటికి ప్రార్థనకు వెళ్లేవారు ప్రార్థన ముగిశాక ఓ గంట కూర్చుని పుస్తకం మూసి ప్రశ్నలు అడగవచ్చు.

ఇక వచ్చే వేసవి విబిఎస్‌కు మాదొక సూచన. ప్రత్యక్ష గుడారపు ఆవరణం పొడవు 100 మూరలు, వెడల్పు 50 మూరలు (నిర్గమ 27:18). పూలమ్మే అవ్వ మల్లెదండ కొలిచే మూరే అది, మోచేయి నుంచి వేలి కొస దాకా, సుమారు అడుగున్నర. మందిరం ఖాళీ స్థలంలో తాడుతో కొలిచి ముగ్గుపిండితో గీయించండి. చోటు చాలకపోతే సగం కొలతకు ఎంతవుతుందో పిల్లలనే లెక్కకట్టమనండి. బొమ్మ వేసేవాడు వచనం కూడా చదవాలి, చదివే పిల్ల తాడు కూడా పట్టాలి. లెక్కల్లో తప్పిన పిల్లవాణ్ని మూర కొలిచే పనికి ముందు నిలబెట్టండి. బలిపీఠం ఎక్కడ పెట్టాలి, గంగాళం ఎక్కడ ఉండాలి అని వాళ్లు మిమ్మల్ని అడుగుతారు. నిర్గమకాండం తెరిచి, మీరే చూసి చెప్పండర్రా అనండి.