తాళం దూరమైన వేసవులు: కొవిడ్ కాలంలో బడి నృత్య బృందాల సాధన

బడిపిల్లల నృత్య బృందానికి వేసవి సెలవులే అసలైన సాధనా కాలం. పరీక్షలు ముగిసిన ఏప్రిల్ చివరి నుంచి బడులు తెరిచే జూన్ రెండో వారం దాకా గుంటూరు, ప్రకాశం జిల్లాల పట్టణాల్లో కూచిపూడి శిక్షణ, పల్లెల్లో కోలాటం నేర్పడం చాలాకాలంగా సాగుతున్న ఆనవాయితీ. 2020 మార్చి 19న ఆంధ్రప్రదేశ్‌లో విద్యాసంస్థలు మూతపడి, అదే నెల 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్ మొదలవడంతో ఆ ఏటి శిక్షణ ఆగిపోయింది. మరుసటి ఏడాది ఏప్రిల్ 20 నుంచి ఒకటి నుంచి తొమ్మిదో తరగతి వరకు బడులు మూసివేసి, మే 5 నుంచి మధ్యాహ్నం 12 గంటలు మొదలు మర్నాడు ఉదయం 6 వరకు కర్ఫ్యూ విధించడంతో రెండో వేసవి కూడా అలాగే గడిచింది. విడివిడిగా ఇళ్లలో ఉన్న పిల్లలకు ఫోను ద్వారా నేర్పడానికి గురువులు పూనుకున్నప్పుడు తేలిన ముఖ్య విషయం ఒక్కటే: ఒంటిని దూరం నుంచి తీర్చిదిద్దవచ్చు గానీ, బృందాన్ని బృందంగా నిలిపే ఉమ్మడి లయను తీగల మీదుగా పంపడం సాధ్యం కాదు.

దీనికి కారణం లెక్కలో ఉంది. కూచిపూడిలో అడవు అంటే కాలి అడుగు, చేతి విన్యాసం, చూపు కలిసిన ప్రాథమిక కదలిక. ప్రతి అడవునూ మూడు వేగాల్లో, అంటే మూడు కాలాల్లో సాధన చేయిస్తారు. తాళం సెకనుకు ఒక దెబ్బ చొప్పున నడుస్తుందనుకుంటే, మొదటి కాలంలో అడుగుకూ అడుగుకూ మధ్య ఒక సెకను, రెండో కాలంలో అర సెకను, మూడో కాలంలో పావు సెకను, అంటే 250 మిల్లీసెకన్లు మాత్రమే ఎడం ఉంటుంది. ఫోనులో మాటామంతీ హాయిగా సాగాలంటే ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు మించకూడదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సమాఖ్య ప్రమాణం చెబుతోంది. ఆలస్యం సరిగ్గా అంతే ఉన్నా, గురువు వేసిన తాళం విద్యార్థినిని చేరి, ఆమె వేసిన అడుగు తిరిగి గురువుకు కనిపించేసరికి 300 మిల్లీసెకన్లు గడుస్తాయి. అంటే మూడో కాలంలో తప్పు లేకుండా ఆడుతున్న పిల్ల కూడా గురువు కంటికి ఒక అడుగుకు మించి వెనకబడినట్టే కనిపిస్తుంది. ఒక్కో ఇంటి నెట్‌వర్కు ఒక్కో తీరుగా ఉండటం వల్ల పదిమంది పిల్లలు పది రకాలుగా తప్పినట్టు తోస్తుంది. ఒకే గదిలో పది మీటర్ల దూరాన నిలబడినవారికి తాళం దెబ్బ 30 మిల్లీసెకన్లలో చేరుతుందని గుర్తుంచుకుంటే, బడి హాలులో ఏ ప్రయత్నమూ లేకుండా దొరికే సౌకర్యం ఎంత విలువైనదో తెలుస్తుంది.

మరో చిక్కు ధ్వనిలోనే ఉంది. వీడియో కాల్ అప్లికేషన్లు మనిషి గొంతును స్పష్టంగా వినిపించడం కోసం మిగతా చప్పుళ్లను అణిచివేస్తాయి. తాళం వేస్తూ నృత్యాన్ని నడిపించే నట్టువాంగంలో మోగే తాళాల నాదాన్ని, నేలను తట్టే పాదాల శబ్దాన్ని అవి రొదగా భావించి తగ్గించడం వల్ల, నృత్యానికి ప్రాణమైనదే అవతలివారికి వినిపించకుండా పోయేది. అందుకే నేరుగా కలిసి ఆడించడం మానుకుని, జతులను, అంటే తాళానికి తగ్గట్టు పలికే అక్షరాల వరుసలను, ముందుగా రికార్డు చేసి వాట్సాప్‌లో పంపి, పిల్లలు ఇంట్లోనే ఆ రికార్డుకు ఆడి తీసిన వీడియోను తిరిగి తెప్పించుకుని దిద్దడం అన్నిటికంటే నమ్మదగిన పద్ధతి. ఇందులోనూ ఒక మెలకువ అవసరం: ఫోనును నేల మీద గోడకు ఆనించి పెడితే కాళ్లు సాగినట్టు కనిపించి, మోకాళ్లను పక్కలకు విప్పి సగం కూర్చున్నట్టు నిలిచే అరమండి ఎంత లోతుగా ఉందో అంచనాకు అందదు, నడుము ఎత్తున స్టూలు మీద నిలబెడితే ఆ దోషం పోతుంది.

కోలాటానికి ఈ దారి కూడా లేదు. కోపు అనే అడుగుల వరుసలో తిరుగుతూ ఎదుటివారి కర్రకు తన కర్రను తాకించడమే ఆ ఆటకు ఆధారం గనుక, జోడీ లేని చోట చేయి గాలిలో ఊగుతుందే తప్ప ఎప్పుడు, ఎంత బలంగా తాకించాలో తెలియదు. ఒకే ఇంట్లో అక్కాచెల్లెళ్లో, అన్నదమ్ములో ఉన్న పిల్లలకు మాత్రం ఈ లోటు కొంత తీరింది.

మూసిన గదిలో కలిసి ఆడటం ఎందుకు ప్రమాదమో దక్షిణ కొరియాలోని చొనాన్ నగరం తొలినాళ్లలోనే చూపించింది. 2020 ఫిబ్రవరి 15న అక్కడ శిక్షకులు హాజరైన ఒక నృత్య వ్యాయామ కార్యశాల నుంచి వైరస్ వ్యాపించగా, మార్చి 9 నాటికి 12 కేంద్రాల్లోని నృత్య తరగతులతో ముడిపడిన కేసులు 112కు చేరాయి. ఆ శిక్షకులలోనే ఒకరు నెమ్మదిగా సాగే యోగా, పిలాటీస్ తరగతులు నడిపినా ఆమె శిష్యులకు సోకలేదు. శ్రమ పెరిగేకొద్దీ ఊపిరి వేగం, దానితో బయటికి వచ్చే తుంపరలు పెరుగుతాయి కాబట్టి ఈ తేడా వచ్చిందని పరిశోధకులు భావించారు. మాస్కు పెట్టుకుని ఆడిద్దామంటే, చెమటకు తడిసి శ్వాసకు అడ్డుపడుతుందని, వ్యాయామ సమయంలో మాస్కు వద్దని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ఇక మిగిలింది ఆరుబయలు.

అయితే గుంటూరు వేసవిలో ఆరుబయలు అనడం తేలికే గాని ఆడటం తేలిక కాదు. మే నెలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం ఇక్కడ మామూలు విషయం. ఒళ్లు ప్రధానంగా చెమట ఆరడం ద్వారానే చల్లబడుతుంది కనుక, సముద్రపు తేమ కలిసిన రోజున ఆ ఏర్పాటు కూడా మందగిస్తుంది. ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుందన్నది క్రీడా వైద్యంలో స్థిరపడిన విషయం. నెలల తరబడి ఫ్యాను కింద గడిపిన పిల్లలను మొదటి రోజే గంటసేపు ఆడించడం అందువల్ల తగదు. పావుగంటతో మొదలుపెట్టి, మధ్యమధ్య నీళ్లు, మజ్జిగ తాగిస్తూ పెంచుకుంటూ పోవాలి. సాయంత్రం వేళ డాబా పగలంతా తాగిన వేడిని కక్కుతూ ఉంటుంది కాబట్టి తెల్లవారుజాము మేలు. మిరపకాయలు ఆరబోసిన కల్లం పక్కనైతే అదీ కుదరదు, ఎందుకంటే ఘాటుకు గొంతు పట్టేసి దగ్గు తెప్పిస్తుంది. పైగా సిమెంటు డాబా పాదానికి ఏమాత్రం లొంగదు. చాలా రోజుల విరామం తర్వాత దాని మీద గట్టిగా తట్టి ఆడితే మోకాలి కింది ఎముక వెంబడి నొప్పి మొదలవుతుంది. అందుచేత మొదటి వారాల్లో పాదాన్ని మెల్లగా ఆనించి ఆడించడం శ్రేయస్కరం.

ఈ ఇబ్బందులన్నిటి మధ్య కొంత మేలు జరిగిందన్న మాట నిజమే. బృందంలో వెనక వరుసలో నిలబడి ముందువారిని చూసి నెట్టుకొచ్చే పిల్ల, వీడియోలో ఒంటరిగా కనిపించేసరికి గురువు దృష్టికి తొలిసారి పూర్తిగా వచ్చింది. కానీ ఆ మేలు స్మార్ట్‌ఫోను ఉన్న ఇంటికే పరిమితమైంది. ఇంటికి ఒకే ఫోను ఉండి, అది తండ్రితో పాటు పనికి వెళ్లే కుటుంబాల్లో పిల్లలకు ఆ శిక్షణ అందలేదు. పదో తరగతి పాఠాల కోసం దూరదర్శన్ సప్తగిరిలో ‘విద్యామృతం’ ప్రసారమైనట్టు నృత్యానికీ టీవీ వాడుకోవచ్చుననిపించినా, టీవీ చూపించగలదే తప్ప దిద్దలేదు. జాతీయ స్థాయిలో బడిపిల్లల కళా ఉత్సవ్ పోటీలను 2021 జనవరిలో ఆన్‌లైన్‌లోనే నిర్వహించారు. దానికి నాలుగేళ్ల ముందు విజయవాడలో ఆరు వేలమందికి పైగా కలిసి ఒకేసారి కూచిపూడి ఆడిన మహాబృందనాట్యాన్ని తలచుకుంటే, కోల్పోయినదేమిటో తెలుసుకోవడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

2021 ఆగస్టు 16న రాష్ట్రంలో బడులు తిరిగి తెరుచుకున్నాక బృంద సాధన అడవులతో కాక నడకతో మొదలుపెట్టడం సబబు. మంచానికీ బీరువాకూ మధ్య మిగిలిన కాస్త జాగాలో నెలల తరబడి ఆడిన పిల్లల అడుగు తెలియకుండానే కురచబడుతుంది, చేతులు పూర్తిగా చాచే అలవాటు తప్పుతుంది. నేల మీద సుద్దముక్కతో గీతలు గీసి, పాట లేకుండా ఒక్క తాళానికి అందరినీ వేదిక ఈ చివరి నుంచి ఆ చివరికి నడిపించి, పక్కవారి భుజానికీ తన భుజానికీ ఎంత ఎడం ఉండాలో కంటి కొసతో పట్టుకోవడం వచ్చాకే మొదటి కాలం అందుకోవాలి.