అమెరికా అంతర్యుద్ధమును, ఇంగ్లండు ప్రత్తిమిల్లులును

చరిత్ర పాఠము చెప్పునపుడు మా పై తరగతుల విద్యార్థులు తఱచుగా నొక ప్రశ్న యడుగుచుందురు. "అయ్యా, సముద్రముల కావల నెవరో యుద్ధము చేసికొనినచో, దానిలో చేరని దేశమునకు దానితో నేమి పని?" ఈ ప్రశ్న మంచిదే. దీనికి సమాధానముగా, 1861 మొదలు 1865 వఱకు జరిగిన అమెరికా అంతర్యుద్ధ కాలమున ఇంగ్లండు దేశము నడచుకొనిన తీరును ఇచట సంగ్రహముగా వివరింపదలంచితిమి.

ఆ కాలమున ధనబలమునందును, నౌకాబలమునందును ఇంగ్లండునకు సాటి రాగల రాజ్యము లేకుండెను. లాంకషైరు మండలములోని నూలుమిల్లులపై లక్షలాది కుటుంబములు జీవించుచుండెను. కాని ఇంగ్లండులో ప్రత్తి పండదు. ఆ మిల్లులకు వలసిన దూదిలో నాలుగింట మూడు పాళ్లు అమెరికా దక్షిణ రాష్ట్రములనుండి వచ్చుచుండెను. అచట దానిని పండించువారు బానిసలు. 1860 నాటికి వారి సంఖ్య సుమారు 40 లక్షలు. దక్షిణ రాష్ట్రములు విడిపోయి యుద్ధము ప్రారంభము కాగానే, 1861 ఏప్రిలులో అధ్యక్షుడు లింకను వారి రేవులను ఓడలతో దిగ్బంధము చేయ నాజ్ఞాపించెను. దక్షిణాది నాయకులు మాత్రము భయపడలేదు. దూది లేనిచో ఇంగ్లండు తానై తమ పక్షమునకు వచ్చునని నమ్మి, వారే మొదట ప్రత్తిని పంపక నిలిపివేసిరి.

ఇంగ్లండు 1861 మే నెలలో తాను తటస్థముగా నుందునని ప్రకటించెను. తటస్థముగా నుండుట యనగా చేతులు ముడుచుకొని కూర్చుండుట కాదని త్వరలోనే తెలిసినది. ఆ నవంబరులో ఉత్తర సైన్యపు యుద్ధనౌక యొకటి, ట్రెంటు అను ఇంగ్లీషు టపా ఓడను నడిసముద్రమున నాపి, దానిలోని దక్షిణాది రాయబారుల నిద్దఱిని పట్టుకొనిపోయెను. ఇంగ్లండు వెంటనే కనడాకు సుమారు 11,000 మంది సైనికులను పంపెను. తుపాకిమందునకు ముఖ్యమైన పెట్లుప్పు అమెరికాకు పోకుండ నిలిపివేసెను. ఆ పెట్లుప్పులో నధికభాగము హిందూదేశమునుండి వచ్చునదే. అయినను, వ్యాధిగ్రస్తుడైయున్న ఆల్బర్టు యువరాజు మంత్రుల లేఖలోని కఠినవాక్యములను సడలించెను. లింకను ప్రభుత్వము ఆ డిసెంబరులో రాయబారులను విడిచిపెట్టుటకు సమ్మతించెను. మాట మెత్తబడుటచే ఒక మహాయుద్ధము తప్పినది.

అంతలో కఱవు వచ్చెను. మొదట గిడ్డంగులలో పాత దూది నిలువయుండుటచే బాధ కనబడలేదు. 1862లో మిల్లులు వరుసగా మూతపడెను. ఆ సంవత్సరాంతమునకు లాంకషైరు ప్రాంతమున సుమారు 5 లక్షల మంది పరుల సహాయముపై బ్రతుకవలసివచ్చెను. పనివారు ఇంటిసామానులను, దుప్పట్లను సైతము కుదువబెట్టుకొనిరి. దూది వెల నాలుగింతలయ్యెను. నిలువలుగల వర్తకులు లాభము పొందిరి. నూలు వడకినవారు పస్తుండిరి.

అప్పుడు మంత్రివర్గములో గొప్ప చర్చ జరిగెను. ప్రధానమంత్రి పామర్‌స్టను, విదేశాంగమంత్రి రస్సెలు మధ్యవర్తులమై యుద్ధమును మాన్పింతమా యని యోచించిరి. అట్లు చేసిన దక్షిణాది స్వతంత్రమైనట్లే. కాని 1862 సెప్టెంబరులో ఆంటీటం పోరు పిమ్మట దక్షిణ సైన్యము వెనుకకు మరలెను. ఉత్తరాదితో వైరమైనచో కనడాకును, సముద్రవ్యాపారమునకును ముప్పు. పైగా పంటలు చెడిన ఆ యేండ్లలో ఇంగ్లండు ఉత్తరాది గోధుమలను కొనుచుండెను. ఒక చేత దూది, ఒక చేత రొట్టె! అందుచేత నవంబరులో ఫ్రెంచి చక్రవర్తి చేసిన మధ్యవర్తిత్వపు సూచనను మంత్రివర్గము నిరాకరించెను.

ఇందు మఱియొక బలము గలదు. 1862 డిసెంబరు 31వ తేదీన మాంచెస్టరు పనివారు సభచేసి, బానిసత్వమును తుడిచివేయుడని లింకనునకు లేఖ వ్రాసిరి. మఱునాడే బానిసల విమోచన ప్రకటన అమలులోనికి వచ్చెను. లాంకషైరులో నందఱిదియు నదే యభిప్రాయము కాదు. దక్షిణాదిని కోరినవారును గలరు. అయినను తమ కూడు పోగొట్టుకొనియు పరుల విడుదలను కోరిన ఆ కూలివారి మాటకు లింకను కృతజ్ఞతతో ప్రత్యుత్తరము వ్రాసెను. అమెరికనులు పిండి బస్తాలతో నొక యోడను పంపిరి.

ఈ యుద్ధపు గాలి మన పొలములకును తగిలెను. ఇంగ్లండు హిందూదేశపు ప్రత్తికై చేయిచాచెను. బొంబాయిలో ధనము వఱదవలె వచ్చెను. గుంటూరు సీమ ప్రత్తి కాకినాడ రేవున ఓడల కెక్కెను. ఆ ప్రత్తికి విదేశపు టంగళ్లలో "కోకనాడ" అను పేరే స్థిరపడెను. కాని 1865లో యుద్ధము ముగియగానే వెలలు పడిపోయెను. బొంబాయిలో ననేక వ్యాపార సంఘములు కూలెను. పరుల యుద్ధముచే వచ్చిన లాభము ఆ యుద్ధముతోనే పోవునది.

కడపటి లెక్క 1872లో తీరెను. ఇంగ్లండులో కట్టబడిన ఆలబామా మొదలగు ఓడలు దక్షిణాదికి చేరి ఉత్తరాది వర్తకనౌకలను నాశనము చేసినందుకు, జెనీవా నగరమున గూడిన మధ్యవర్తుల తీర్పు ననుసరించి ఇంగ్లండు 1,55,00,000 డాలర్లు చెల్లించెను. అంతటి రాజ్యము కత్తి దూయక తీర్పునకు తలయొగ్గుట మెచ్చదగినది.

కావున విద్యార్థులారా, దూరపు యుద్ధమునుగూర్చి వార్తాపత్రికలో చదువునపుడు ఎవరు గెలిచిరని మాత్రమే చూడకుడు. అచటినుండి ఏ సరకు వచ్చుచుండెను, అది నిలిచినచో ఎవరి పొయ్యి ఆరును, ఎవరి పెట్టె నిండును అనియు విచారింపుడు. రాజ్యముల నడవడి యపుడు మీకు బోధపడును. ఆకలిగొనియు న్యాయమును విడువని మాంచెస్టరు కూలివారిని మాత్రము మఱవకుడు.