గంటు ఎక్కడ? - స్తనవృద్ధి శస్త్రచికిత్స

స్తనముల పరిమాణమును పెంచు శస్త్రచికిత్సను గూర్చి పెద్దల యెదుట ముచ్చటించుట సభ్యత గాదని మీలో కొందఱు తలంపవచ్చును. కాని సిగ్గుచేత అడుగవలసిన ప్రశ్న అడుగకుండుటవలన కలుగు హాని పెద్దది. కాన్సరు వ్యాధివలన స్తనమును పోగొట్టుకొనిన స్త్రీకి మరల ఆకారము కల్పించుటకును, సౌందర్యము కొఱకును ఇట్టి సిలికాను సంచులనే వాడుచున్నారు. కావున ఈ సంగతి ఏ యింటికైనను రావచ్చును.

నేను వైద్యుడను గాను. సంస్కృతము చెప్పిన పంతులను. సుశ్రుతాచార్యుడు చికిత్సను పూర్వకర్మ, ప్రధానకర్మ, పశ్చాత్కర్మ యని మూడుగా విభజించెను. గంటు పెట్టుట ప్రధానకర్మ. ఐనను దాని చోటును ముందే ఆలోచింపవలెను; దాని ఫలమును పిదప అనుభవింపవలెను.

1962లో అమెరికాలోని హ్యూస్టన్ నగరమున క్రోనిన్, జెరో అను వైద్యులు మొట్టమొదట సిలికాను సంచిని అమర్చిరి. నేడు గంటు పెట్టు చోటులు ముఖ్యముగా మూడు. మొదటిది స్తనము క్రింది ముడుత. ఇచట వైద్యునికి లోపలి చోటు సూటిగా కనబడును. మచ్చ ముడుతలో మఱుగుపడును. సవరణ కావలసినను ఈ దారినే పోవచ్చును. రెండవది చనుమొన చుట్టునున్న నల్లని వలయపు అంచు. మచ్చ ఆ రంగులో కలిసిపోవును గాని, పాలనాళములలోని సూక్ష్మజీవులు సంచిని చేరవచ్చును. చనుబాలిచ్చుటకును, స్పర్శకును భంగము కలుగవచ్చును. మూడవది చంక. స్తనముపై మచ్చయే యుండదు. కాని సన్నని దుర్భిణి సాయపడినను, ఆ పని బావిలో పడిన చేదను గట్టున నిలిచి గాలముతో వెదకుట వంటిది. సంచి సరియైన చోట కుదురకపోవచ్చును. సవరణకు వేఱొక గంటు కావలసివచ్చును. నాభి ద్వారా చేయు పద్ధతియు కలదు. లోపల పెట్టిన పిదప ఉప్పునీటితో నింపు సంచులకే అది చెల్లును.

ఇక పశ్చాత్కర్మ. తొలిదినములలో లోపల రక్తము చేరుటయు, చీము పట్టుటయు సంభవింపవచ్చును. పరాయి వస్తువు చుట్టును శరీరము పొర కట్టుట సహజము. ఆ పొర బిగిసినచో స్తనము గట్టిపడి నొప్పి పుట్టును. సిలికాను సంచి చినిగినను పైకి తెలియకపోవుట కలదు. అందుచేత అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో, సంచి నమర్చిన 5, 6 ఏండ్లకు తొలిసారియు, పిమ్మట 2, 3 ఏండ్ల కొకసారియు ఎమ్.ఆర్.ఐ. గాని అల్ట్రాసౌండు గాని చేయించుకొనవలెనని సూచించెను. గరుకు పైపొర గల సంచుల చుట్టును అరుదుగా లింఫోమా యను కాన్సరు పుట్టుచుండుటచే, 2019లో అలర్గన్ కంపెనీ తన గరుకు సంచులను లోకమంతటను వెనుకకు తీసికొనెను. ఒకసారి అమర్చిన సంచి జీవితాంతము నిలుచు ననుకొనరాదు.

కావున మీ యింటి ఆడుబిడ్డ ఈ చికిత్సను తలపెట్టినచో ఆమెను నిందింపకుడు. నిర్ణయము ఆమెది. "మచ్చ కనబడునా?" యను ప్రశ్నతోనే ఆగక, గంటు ఎక్కడ, ఏల? ఏ రకపు సంచి? పాలిచ్చుటకు భంగము కలుగునా? మరల శస్త్రము పడినచో దారి యేది, వ్యయ మెంత? అని సంతకమునకు ముందే వైద్యుని అడుగుమని చెప్పుడు. ఆమె కోరినచో తోడుగా వెళ్లుడు.